మార్కుల తగవు

వేసవి వచ్చెననిన మామిడికాయలతోపాటు పదవ తరగతి ఫలితములును ఇంటింటికి వచ్చును. జగ్గయ్యపేటలో నైనను, నందిగామలో నైనను, ఆనాడు పొయ్యిమీది పాలు పొంగిపోయినను చూచువారుండరు. 90 వచ్చునని తలచినచోట 40 కనబడెనా, తండ్రి గద్దించును. తల్లి కన్నీరు దాచుకొనును. "నేను బాగుగనే వ్రాసితిని" అని బిడ్డ మొత్తుకొనినను వినిపించుకొనువారుండరు. ఆ మాట నిజమేమో విచారింపుడని మా మనవి.

ఏలయన, 2019 ఏప్రిల్ 18వ తేదీన వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితములలో ఒక బాలికకు తెలుగున సున్న వచ్చినది. పత్రము మరల చూడగా 99 తేలినవి! ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. అంతట ప్రభుత్వము తప్పినవారందరి పత్రములను రుసుము లేకయే పరిశీలింపజేసినది. అన్ని లక్షలమందిలో గట్టెక్కినవారు వేయిమందికి కొంచెము మించిరి, అంతే. కావున ఆశ మితముగ నుంచుకొనవలెను గాని, అడుగుట మానరాదు.

మన రాష్ట్రమున 2025లో పదవ తరగతి పత్రములు ఇంచుమించు 66 వేలు మరల పరిశీలనకు రాగా, 11 వేలకు పైగా పత్రములలో మార్కులు మారినవి. ఇది చిన్న సంఖ్య కాదు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో ప్రవేశము పదవ తరగతి మార్కులనుబట్టియే గదా! కొలదిపాటి తేడాకు మిరపచేలలో కూలికి పోవు తల్లి బిడ్డ చదువు దారి తప్పవచ్చును.

అడుగు మార్గములు రెండు. రీకౌంటింగు అనగా వేసిన మార్కుల కూడిక సరిచూచుట. 2025లో దీనికి ఒక్కొక్క విషయమునకు 500 రూపాయలు. రీవెరిఫికేషను అనగా దిద్దక విడిచిన జవాబు లున్నవేమో చూచి, పత్రపు నకలు పంపుట. దీనికి 1000 రూపాయలు. రెండవదానికి డబ్బు కట్టినవారు మొదటిదానికి వేరుగ కట్టనక్కరలేదు. గడువు వారము దినములే. ఈ రుసుములు పేదయింటికి మోయరాని భారము. వీనిని తగ్గింపవలెనని మేము గట్టిగా కోరుచున్నాము.

మరియొక సంగతి. 2011 ఆగష్టు 9న సుప్రీంకోర్టు, జవాబుపత్రము కూడ సమాచారమే యనియు, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద తన పత్రమును చూచుకొను హక్కు వ్రాసినవారికి కలదనియు తీర్పు చెప్పినది. మరల మార్కులు వేయుమని అడుగుటకు మాత్రము ఆ చట్టము చాలదు. పత్రము చేతికి వచ్చిన పిదప బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క ప్రశ్నకు పడిన మార్కులు మీరే కూడుకొనుడు. లెక్కలు రావని వెనుదీయవలదు. చాకలిపద్దు వ్రాయు చేతికి ఇది యెంత పని?

తప్పినబిడ్డ విషయమున నొక జాగ్రత్త. పరిశీలన ఫలితము వచ్చువరకు వేచియుండి సప్లిమెంటరీ పరీక్ష రుసుము గడువు దాటనీయవలదు. 2025లో ఆ పరీక్షలు మే 19వ తేదీననే ఆరంభమైనవి.