బొర్రా గుహల్లో నాకు కనబడని బోర్డు

ప్రయాణాల్లో పాఠాలు – 9

మిత్రులారా, విశాఖలో సభ అయిపోయాక కుర్రాళ్లు "అన్నా, అరకు పోదాం" అని పట్టుబట్టారు. పదకొండు మందిమి ఒక తుఫాన్ బండి మాట్లాడుకుని బయల్దేరాం. అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఇద్దరికి వాంతులయ్యాయి. అయినా ఎవరూ నీరసపడలేదు. ముందు బొర్రా గుహలున్నాయి కదా!

తీరా చూస్తే టికెట్ల దగ్గరే తోపులాట. లోపల ఎర్ర లైటు, పచ్చ లైటు, నీలం లైటు. వేల ఏళ్లుగా నీళ్లు చుక్కచుక్కగా కారి సున్నపురాయిలో కట్టిన ఆకారాలు రికార్డింగ్ డాన్స్ స్టేజీలా ఉన్నాయి. గైడు టార్చి వేసి "ఇది శివపార్వతులు, ఇది ముని గడ్డం, ఇది మొసలి" అని అప్పజెబుతున్నాడు. వెనక జనం నెడుతున్నారు. ముప్పావుగంటలో బయటపడ్డాం. "ఇంతేనా అన్నా?" అన్నాడొక తమ్ముడు. నాకూ అదే అనిపించింది.

పైన ఒక గిరిజన తల్లి మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే అక్కడ కూర్చున్నాం. "లోపల ఏం బాగాలేదమ్మా" అన్నాను. ఆమె నవ్వింది. "ఉంది గదా బాబూ, అది చాలు. ఇవన్నీ తవ్వుకుపోదామని వచ్చేరు. మావోళ్లు అడ్డం పడ్డారు" అంది.

మాలో లా చదివే చెల్లి ఒక్కతే అందుకుంది: "సమత కేసు."

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. అనంతగిరి మండలం ఐదో షెడ్యూల్ ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. అయినా ప్రభుత్వం బొర్రా చుట్టుపక్కల గనుల లీజులు గిరిజనేతరులకు ఇచ్చింది. సమత అనే సంస్థ గిరిజనుల పక్షాన కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టులో 1997 జూలై 11న గెలిచింది. ఆ చట్టం లెక్కలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో తన భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని కోర్టు తేల్చింది. దేశమంతా చెప్పుకునే తీర్పు పుట్టిన చోటు అది. ముని గడ్డం చూపించారు గానీ, ఆ తీర్పు గురించి ఒక్క బోర్డూ నా కంటబడలేదు.

బోర్డు సంగతి సరే, మన సంగతేంటి? కారంచేడు 1985, చుండూరు 1991 అని మన పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు. బొర్రా 1997 పదకొండు మందిలో ఒక్కరికే తెలుసు. తేదీ కోసం నేనూ ఫోన్ తీయాల్సొచ్చింది. ఎస్సీ, ఎస్టీ అని ఒకే ఊపిరిలో అంటాం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఇద్దరికీ ఒక్కటే. ఏజెన్సీకి వచ్చేసరికి మాత్రం మనమూ టూరిస్టులమే. బొంగులో చికెన్ తిని, థింసా ఆడేవాళ్లతో సెల్ఫీ దిగి, కొండ దిగిపోతాం.

తిరుగుదారిలో ఒక తమ్ముడు సూటిగా అడిగాడు: "అన్నా, 1/70 వల్ల ఏజెన్సీలో మన దళితులకీ భూమి రాదు కదా. ఆ చట్టం వల్ల మనకేం ఒరిగింది?"

న్యాయమైన ప్రశ్నే. భూమిలేని వాడి కడుపులోంచి వచ్చిన ప్రశ్న. నా జవాబు ఇది. మన భూమి కొండ మీద లేదు తమ్ముడూ, మైదానంలో భూస్వామి చేతిలో ఉంది. మనకిచ్చిన అసైన్డ్ భూములు అమ్మకూడదు, కొనకూడదు అని 1977లోనే చట్టం వచ్చింది. అయినా ఎన్ని ఊళ్లలో ఎన్ని ఎకరాలు పెద్దోళ్ల కంచెల్లో కలిశాయో మీ తాతల్నడుగు. మన కంచె కూలాక మనకేమైందో చూశాం. గిరిజనుడి కంచె కూడా కూలితే అందులోంచి ముందు దూరేది నువ్వూ నేనూ కాదు, కంపెనీ. ఆ వెనక రిసార్టు. మనకి మళ్లీ అందులో వాచ్‌మన్ ఉద్యోగమే.

అందుకని విద్యార్థి మిత్రులకి నా విన్నపం. అరకు వెళ్లండి, వద్దనను. వెళ్లే ముందు ఆ తీర్పు చదవండి. గది తీసుకునే ముందు ఆ నేల ఎవరి పేరు మీద ఉందో, నిజంగా ఎవరి చేతిలో ఉందో అడగండి. హాస్టళ్లలో మనం జరిపే సభల జాబితాలో జూలై 11 కూడా రాసుకోండి. ఆ రోజు వేదిక మీద మాట్లాడాల్సింది మనం కాదు, ఆ కొండల పిల్లలు. మనం కుర్చీలు వేద్దాం.

జై భీమ్.