ఇంటిపేరు చెప్పే ఊరు



పూండి దగ్గరి ఒక సంఘములో ఆ మధ్య ఒక పెండ్లి ఆగిపోయేంత పని జరిగింది. ఆదివారము ఆరాధన చివర పెద్దలు పెండ్లి ప్రకటన చదివారు. వరుని పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. వధువు పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. చదివినవారు అక్కడే ఒక్క క్షణము ఆగారు. రెండు ఇంటిపేర్లూ ఒకటే! వెనుక బల్లమీద గుసగుసలు బయలుదేరాయి. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెండ్రు అవుతారు గదా, ఈ సంబంధము ఎలా కుదిర్చారని కొందరు, చూచుకోకుండా తాంబూలాల వరకు ఎందుకు వచ్చారని కొందరు. పిల్ల తండ్రి ముఖము చూడలేకపోయాము.

ఆ ఇంటిపేరు ఇక్కడ వ్రాయము. ఉద్దానములోని ఒక ఊరి పేరే అది అని మాత్రము చెప్పగలము. ఆ వారమంతా రెండు కుటుంబాలూ పడిన బాధను చూచిన తరువాత, ఈ నెల ఇంటిపేర్లను గూర్చి వ్రాయాలని మాకు తోచింది. ఆ పెండ్లి ఏమైనదో చివర చెప్పుతాము.

అసలు ఇంటిపేరు ఎందుకు వచ్చింది? ఒక పేరుగలవారు ఊరిలో ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు గుర్తు కావలసి వచ్చింది. క్రొత్త నిబంధన తెరిచి చూస్తే ఈ సంగతి తేటగా తెలుస్తుంది. అందులో ఎంతమంది సీమోనులు ఉన్నారో లెక్క వేయండి. అందుకే ఒకరు కురేనీయుడైన సీమోను, ఒకరు చర్మకారుడైన సీమోను, ఒకరు సీమోను బర్‌యోనా, అనగా యోనా కుమారుడు. తోమాకు దిదుమ అని మరో పేరు, అనగా కవలవాడు. అరిమతయియ యోసేపు, మగ్దలేనే మరియ, తార్సువాడైన సౌలు ఊళ్ళను బట్టి గుర్తింపబడ్డారు. ఊరు, వృత్తి, తండ్రి, పదిమంది పెట్టిన పిలుపు - ఈ నాలుగే లోకములోని ఇంటిపేర్లలో చాలా వాటికి మూలము.

మన తెలుగు ఇంటిపేర్లు కూడా ఈ త్రోవనే వచ్చాయి. తాపీ అనే ఇంటిపేరు పనిముట్టును బట్టి వచ్చింది. గేదెల, పిల్లా వంటివి మన జిల్లాలో వినబడతాయి. పట్నాయక్, బెహరా, పాత్రో, పాణిగ్రాహి వంటివి ఒరియా దేశపు పదవుల నుండి, బిరుదుల నుండి వచ్చి మన తీరములో స్థిరపడ్డాయి. అయితే అన్నిటికంటె ఎక్కువగా కనిపించేవి ఊళ్ళ పేర్లే. ఊరి పేరు ఇంటిపేరు అయ్యేటప్పుడు చివర కొంచెము మారుతుంది. ఇచ్ఛాపురం విడిచి వచ్చినవారు ఇచ్ఛాపురపు వారు అయ్యారు. కథలు వ్రాసిన ఇచ్ఛాపురపు జగన్నాథరావుగారి ఇంటిపేరు అదే. కందుకూరు కందుకూరి అయింది, నండూరు నండూరి అయింది. పాడు అని ముగిసే ఊళ్ళు పాటి అయ్యాయి. బొడ్డేపల్లి వంటివి ఏ మార్పూ లేకుండా అట్లే నిలిచిపోయాయి.

ఇక్కడ ఒక చిక్కు సంగతి గమనించండి. ఊరిలో ఉన్నంతకాలము ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు. అందరిదీ అదే ఊరైతే అది గుర్తు ఎలా అవుతుంది? ఊరు విడిచి వేరొక చోట కాపురము పెట్టినప్పుడే అక్కడివారు ‘ఫలానా ఊరి వాళ్ళు’ అంటారు. కాబట్టి ఊరి పేరు ఇంటిపేరుగా గలవారి పెద్దలలో ఎవరో ఒకరు ఒకనాడు మూట నెత్తిన పెట్టుకొని ఆ ఊరు విడిచారన్నమాట. కరవుకో, అప్పుకో, గాలివానకో, భూమి కోసమో, కొలువు కోసమో మనకు తెలియదు. విడిచిన ఊరు మాత్రము పేరులో నిలిచింది. మన జిల్లాలో ఆమదాలవలస మొదలుకొని వలస అని ముగిసే ఊళ్ళు ఎన్ని ఉన్నాయో చూడండి. వాటిలో ఊరి పేరే వలస మాట చెప్పుతున్నది.

దీనికి మంచి ఉదాహరణ గురజాడ అప్పారావుగారు. ఆయన 1862లో విశాఖ ప్రాంతపు రాయవరములో పుట్టి, విజయనగరములో జీవించి, 1915లో కన్నుమూశారు. కాని గురజాడ అనే ఊరు అక్కడెక్కడా లేదు, కృష్ణా జిల్లాలో ఉన్నది. ఆయన పెద్దలు ఆ ఊరినుండి కళింగ దేశమునకు తరలివచ్చారు. రాజమండ్రిలో జీవించిన వీరేశలింగంగారి ఇంటిపేరు కూడా అటువంటిదే. కందుకూరు ఎక్కడ, రాజమండ్రి ఎక్కడ!

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. ఇంగ్లండుకు పడమటి కొసన కార్న్‌వాల్ అనే సముద్రతీరపు ప్రాంతము ఉన్నది. అక్కడి పాత భాషలో ‘ట్రె’ అంటే పల్లె లేక ఇల్లు, ‘పోల్’ అంటే కుంట, ‘పెన్’ అంటే కొస. ఇంటిపేరు ఈ మూటిలో ఒకదానితో మొదలైతే ఆ మనిషి కార్న్‌వాల్ వాడని ఆ దేశములో సామెతగా చెప్పుకుంటారు. 1804లో వేల్సులో పట్టాలమీద ఆవిరి యంత్రమును మొదట నడిపిన రిచర్డ్ ట్రెవితిక్ ఆ ప్రాంతము వాడే. పూండి స్టేషనులో నిలబడి రైలు కొరకు ఎదురుచూచే మనకు ఆ పేరు ఎవరూ చెప్పి ఉండరు. ఆ ఇంటిపేరు కూడా కార్న్‌వాల్‌లోని పల్లె పేరే. బ్రిటనులో 1881 జనాభా లెక్కల కాగితములను పేరుపేరునా పటముమీద గుర్తు పెట్టి చూస్తే, అరుదైన ఇంటిపేర్లు చాలావరకు ఏదో ఒక జిల్లాలో ఒక మూలనే గుంపుగా కనిపిస్తాయి. అక్కడనుండి గనుల పని కోసము కార్న్‌వాల్ వారు ఆస్ట్రేలియాకు, అమెరికాకు, దక్షిణాఫ్రికాకు వెళ్ళారు. వారి పల్లెల పేర్లు వారితో ఓడలెక్కాయి.

ఆ కాలములోనే మన తీరమునుండి కూడా జనము ఓడలెక్కారు. కాని మన ఇంటిపేర్లు అన్నీ ఆ ఓడలు దిగలేదు. 1860లో మద్రాసునుండి ట్రూరో అనే ఓడ మన కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు చేర్చింది. తరువాతి యేండ్లలో గంజాం, విశాఖపట్టణం జిల్లాలవారు ఎందరో ఆ దారి పట్టారు. ఆ ఓడల జాబితాలలో కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు కూడా వ్రాశారు. ఇంటిపేరుకు మాత్రము గడి లేదు. గడి లేనిది పుస్తకములోనికి ఎక్కదు, పుస్తకములోనికి ఎక్కనిది మూడు తరాలలో నోటినుండి కూడా జారిపోతుంది. అందుచేత అక్కడ కొందరికి తాత పేరే ఇంటిపేరయింది, కొందరికి నాయుడు అన్న మాటే ఇంటిపేరయింది. దక్షిణాఫ్రికాలో ఈనాటికీ ఆ మాటను వారి పద్ధతిలో నైడూ అని పలుకుతారు.

మన ప్రాంతమువారికి బాగా తెలిసినది బర్మా. రంగూను మిల్లులలో, రేవులో మన జిల్లాలవారు తరతరాలు పనిచేశారు. 1941 డిసెంబరులో రంగూనుమీద జపాను బాంబులు పడిన తరువాత, 1942లో వేలాదిమంది కాలినడకన కొండలు దాటి వచ్చారు. 1962 తరువాత బర్మా ప్రభుత్వము మారి మరి కొందరు తిరిగి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అని పిలిచే చోటు ఆ గుర్తుగానే నిలిచింది. అలా వచ్చినవారు తమ వారిని వెదకుకొనేటప్పుడు ఏమి చెప్పి వెదకాలి? అప్పన్న కొడుకు రామన్న అంటే ఏ ఊరిలోనైనా పదిమంది ఉంటారు. ఇంటిపేరూ ఊరి పేరూ తెలిసినవారికే అది తేలిక.

సరిహద్దు గీత కూడా ఇంటిపేర్లను విడదీయలేకపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పాత గంజాం జిల్లా రెండుగా చీలింది. బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్ళాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. గీత ఇటూ అటూ ఒకే ఇంటిపేరు గలవారు, ఒకే పెద్దకు పుట్టినవారు నేటికీ ఉన్నారు. 1969 నుండి 1974 వరకు మన రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరిగారు 1894లో బరంపురములో పుట్టిన తెలుగువారే. ఆయన పేరులోని మొదటి ‘వి’ వరాహగిరి అనే ఇంటిపేరు. ఎంతమందికి అది తెలుసు?

ఇది మన ఇండ్లకు కూడా తగులుతుంది. మన పిల్లలలో చాలామందికి ఇంటిపేరు అంటే ఒక పొడి అక్షరము మాత్రమే. ‘కే’ అంటే ఏమిటి బాబూ అని అడిగితే, ఏమో, సర్టిఫికెట్టులో అట్లే ఉంది అంటారు. పై దేశము వెళ్ళే పిల్లల దరఖాస్తులలో ఇంటిపేరు చివరికి పోతుంది, సొంత పేరు ఇంటిపేరవుతుంది. పట్టాదారు పాసుపుస్తకములో ఒక విధముగా, ఆధార్‌లో మరొక విధముగా ఉంటే దానిని సరిచేయించడానికి ఎన్నిసార్లు మండల కార్యాలయానికి తిరగాలో మీకు మేము చెప్పనక్కరలేదు. మన సంఘాలలో యోసేపులు, మరియమ్మలు, దేవదానములు ఎందరు! ఒకే సంఘములో ముగ్గురు సుందరరావులు ఉంటారు. సీమోనులకు వచ్చిన చిక్కే మనకూ ఉన్నది.

ఇంకొక మాట చెప్పకుండా దాటిపోతే అది నిజాయితీ కాదు. ఇంటిపేరు అడిగేవారు అందరూ ప్రేమతో అడగరు. కులము తెలుసుకొనడానికే అడిగేవారు ఉన్నారు. ఆ చూపు భరించలేక బడిలో చేర్పించేటప్పుడు ఇంటిపేరు వదిలివేసి, తండ్రి పేరు మాత్రము వ్రాయించిన తలిదండ్రులు మన మధ్య ఉన్నారు. ఎగతాళిగా పెట్టిన పిలుపు ఇంటిపేరుగా అంటుకున్న కుటుంబాలూ ఉన్నాయి. వారిని మేము తప్పుపట్టము. దెబ్బ తిన్నవారికే నొప్పి తెలుస్తుంది. బయట చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టము. కాని ఇంటిలో పిల్లలకు చెప్పకపోతే, అవమానించినవారి మాట నిలిచి మన పెద్దల నడక చెరిగిపోతుంది. ఊరి పేరు ఏ కులమువారి సొత్తూ కాదు. ఒకే ఊరు విడిచిన నాలుగు కులాలవారికి ఒకే ఇంటిపేరు రావచ్చు.

ఇప్పుడు ఆ పెండ్లి సంగతి. వారము తిరగకముందే పెద్దలు రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టారు. మేమూ అక్కడ ఉన్నాము. మగవారు చాలాసేపు మాట్లాడారుగాని, తాతకు ముందు తాత పేరు ఎవరికీ రాలేదు. మూలన కూర్చున్న పిల్ల నాయనమ్మ చివరకు నోరు విప్పింది. ఎనభై దాటిన మనిషి. “ఏటి బాబూ, ఊరి పేరొకటైతే రగతం ఒకటైపోద్దేటి? ఆ ఊరొదిలి మా మావోళ్ళ నాయన మందస పక్కకొచ్చినాడు, అక్కడోళ్ళు ఆ ఊరోళ్ళనీసినారు. మా అత్తమ్మ పుట్టిల్లు ఈ పిల్లడోళ్ళిల్లే. అప్పుడాళ్ళ ఇంటిపేరు యేరు. ఆళ్ళు తరవాత పూండొచ్చినారు, ఆళ్ళకీ ఆ ఊరి పేరే అంటించినారు. మనం ఇచ్చి పుచ్చుకున్నోళ్ళమే!” అన్నది.

తరువాత వరుని పెదనాన్నగారు తమ తాతగారి పాత దస్తావేజు వెదకి తెచ్చారు. అందులో ఉన్న ఇంటిపేరు ఆ ముసలమ్మ చెప్పినదే. ఒకే ఊరు విడిచిన రెండు వేరు కుటుంబాలకు ఒకే పేరు అంటుకున్నది, అంతే. పైగా వరుస సరిగ్గా మేనరికపు వరుస. అనుకున్న ముహూర్తానికే పెండ్లి జరిగింది. నాయనమ్మను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆమె ఆ యేడాది లేకపోయి ఉంటే ఏమయ్యేది? ఆ మాట తలచుకొంటే ఇప్పటికీ మాకు భయమే. ఆమెకు అక్షరము రాదు. ఆమెకు తెలిసినది ఎవరూ వ్రాసి పెట్టలేదు. అందులోను ఆ చిక్కు విప్పినది మగవారి ఇంటిపేరు కాదు, ఒక కోడలి పుట్టింటి పేరు. మన ఇండ్లలో ముందుగా మరచిపోయేది అదే. పెండ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది, రెండు తరాలలో ఆమె పుట్టిల్లు ఎవరికీ గుర్తుండదు.

ఇంగ్లండులో 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి సంఘములోను బాప్తిస్మములను, పెండ్లిండ్లను, సమాధులను ఒక పుస్తకములో వ్రాయాలని ఉత్తరువు చేశాడు. అక్కడి పేద కూలీవాని మనుమలు కూడా నేడు తమ ఇంటిపేరు నడచిన దారిని వెదకుకోగలుగుతున్నారంటే ఆ పుస్తకాల చలవే. మన సంఘాలకు కూడా పుస్తకాలు ఉన్నాయి. పెద్దలకు మా మనవి ఒకటే: బాప్తిస్మమైనా, వివాహమైనా వ్రాసేటప్పుడు పొడి అక్షరముతో సరిపెట్టవద్దు. ఇంటిపేరు పూర్తిగా వ్రాయండి, తల్లి పుట్టింటి పేరూ వ్రాయండి.

ఇక కుటుంబాలకు. ఈ నెలలో ఒక సాయంత్రము భోజనాలైన తరువాత మీ ఇంటిలోని పెద్దవారి దగ్గర పిల్లలను కూర్చోబెట్టండి. మన ఇంటిపేరు ఏ ఊరిది, ఆ ఊరు ఎవరు విడిచారు, ఎందుకు విడిచారు, అమ్మమ్మ నాయనమ్మల పుట్టిండ్లు ఏవి అని అడగమనండి. చెప్పినది చెప్పినట్టు మీ కుటుంబ బైబిలు మొదటి తెల్ల కాగితము మీద, తేదీ వేసి, పిల్లలచేతనే వ్రాయించండి. రెండు మాటలు పొసగకపోతే రెండూ వ్రాయండి. ఆ కాగితము ఏనాడు ఏ పిల్ల కన్నీరు తుడుస్తుందో మనకు తెలియదు.