మైకులో చదవని కానుక

మొన్న మన సంఘంలో జరిగిన పెళ్లికి ఏం ఇవ్వాలో తోచక అందరం తికమకపడ్డాం. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ హైదరాబాదులో ఉద్యోగస్తులు. ఫ్రిజ్, వాషింగ్ మెషీను, ఏసీ అన్నీ ముందే కొనుక్కున్నారు. చివరికి మనం పట్టుకెళ్లినవి ఏమిటి? తొమ్మిది గోడ గడియారాలు, నాలుగు డిన్నర్ సెట్లు. అవి ఎవరి కోసం? నిజం ఒప్పుకుందాం, మైకులో చదివే మన పేరు కోసం.

ఆ చదివింపుల వేళ మన సంఘంలోని ఒక పెద్దమ్మ ఆవకాయ జాడీ కొంగు చాటున పట్టుకుని పందిరి చివర నిలబడింది. "అయిదు వేలు, పది వేలు" అని వినబడుతుంటే, జాడీ ఇవ్వకుండానే, భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయింది. ఆ సిటీ ఇంట్లో లేనిది అదొక్కటే! మనం చూసి కూడా ఊరుకున్నాం.

యోహాను సువార్త 2వ అధ్యాయం చదవండి. కానాలో ఆరు రాతిబానల ద్రాక్షారసం, ఎంత పెద్ద కానుక! అయినా అది ఎక్కడిదో విందు ప్రధానికి తెలియదు. పెండ్లికుమారుణ్ణి పిలిచి మెచ్చుకున్నాడు. తెలిసింది నీళ్లు తోడిన పరిచారకులకే.

అందుకే వచ్చే నెల పెళ్లిలో మైకు చదివింపులు వద్దని పెద్దలను అడుగుతున్నాం. కొందరికి కష్టంగా ఉంటుంది, తెలుసు. ఇంట్లో పండింది, చేత్తో చేసింది తెద్దాం. ఏమీ లేకపోతే వచ్చి ప్రార్థించి, కడుపునిండా తిని వెళ్దాం. (గడియారాలు మాత్రం ఇక చాలు.)

ఈ శనివారం పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నాం. జాడీ ఇంకా ఉంటే హైదరాబాదుకు మేమే చేరుస్తాం.