గాలి కదలని రాత్రి... పొరుగూరి పాట!

మీ రేడియో ఎప్పుడైనా తెలుగు పాట మధ్యలో ఠక్కున తమిళంలోకి దూకిందా? బందరు, నెల్లూరు తీరం వారైతే నవ్వుకుంటూ తలూపుతారు. సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాదు వారు మాత్రం "ఏం కోతలండీ!" అంటారు. కోతలు కావు సుమండీ, అచ్చమైన సైన్సే. పాటల దారినే వెళ్లి చెబుతాను, వినండి.

మా నాన్నగారి తరానికి దూరపు స్టేషన్ పట్టుకోవడం ఒక అవసరం. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలు గిట్టేవి కావు. ఆకాశవాణిలో వాటికి చోటు తగ్గిపోయింది. జనం ఊరుకుంటారా? ముల్లు సిలోన్ మీదికి తిప్పారు. అక్కణ్ణుంచి తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతును పెద్దవాళ్లు నేటికీ తలుచుకుంటారు. శ్రోతలు చేజారుతున్నారని గ్రహించి 1957 అక్టోబరు 3న మన వాళ్లు వివిధభారతి మొదలుపెట్టారు. చివరికి గెలిచిందెవరంటారు? పాటే!

సిలోన్ పాట షార్ట్‌వేవ్ మీద వచ్చేది. ఆ తరంగాలు ఆకాశంలో ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ అనే పొర దగ్గర వంగి మళ్లీ నేలకు దిగుతాయి. అంచేత అంత దూరం నుంచీ రోజూ వినపడేవి. ఎఫ్.ఎం. తీరు వేరు. మామూలు రోజుల్లో దాని తరంగాలు ఆ పొరను దాటి అంతరిక్షంలోకి పోతాయి. నేల మీద అయితే వంద కిలోమీటర్లు పోయేలోపే నీరసిస్తాయి. మరి బందరుకీ చెన్నైకీ తిన్నగా కొలిస్తేనే సుమారు 350 కిలోమీటర్లు. అక్కడి పాట ఇక్కడికెలా వస్తుంది?

మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించిన కొన్ని రాత్రుల్లో ఈ వరస తల్లకిందులవుతుంది. సముద్రాన్ని అంటుకుని చల్లటి తేమగాలి, దాని మీద దుప్పటి కప్పినట్టు వేడి పొడిగాలి. ఆ దుప్పటి కింద చిక్కుకున్న తరంగం పైకి పోలేక, భూమి వంపు వెంటే వంగుతూ వందల కిలోమీటర్లు సాగిపోతుంది. ఇంజనీర్లు దీన్ని డక్టింగ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయి దగ్గరి రాడార్‌కు వెయ్యి మైళ్లకు పైగా దూరానున్న అరేబియా తీరం కనిపించింది ఈ మహిమ వల్లే!

ఎఫ్.ఎం.లో ఇంకో తమాషా ఉంది. మీడియం వేవ్‌లో రెండు స్టేషన్లు ఒకేచోట పడితే రెండూ కలిసి గోల చేస్తాయి. ఎఫ్.ఎం.లో బలమున్నవాడిదే మాట, రెండోవాడు మాయం. అందుకే పాట మధ్యలో ఊరు మారిపోతుంది.

బందరులో మా పక్కింటి బాబాయిగారికి ఇలాగే బెజవాడ పోయి తమిళం పలికింది. సెట్టు పాడైందని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యబోయారు. "రెండ్రోజులు ఆగండి బాబాయిగారూ" అన్నాను. మూడో రాత్రికి గాలి లేచింది, బెజవాడ తిరిగొచ్చింది. ఆయన మొహంలో సంతోషం ఉంటే ఒట్టు! "ఆ అరవ పాట ఏ సినిమాలోదో చెప్పేలోపే పోయిందోయ్. మళ్లీ ఎప్పుడొస్తుందీ?" అని దిగులు పెట్టుకున్నారు.

మీకూ సరదాగా ఉందా? ఏరియల్ పూర్తిగా లాగండి. స్టేషన్లు తనే వెతికే మీట నొక్కితే బలహీనమైనవాటిని దాటేస్తుంది, చేత్తోనే మెల్లగా తిప్పండి. ఎఫ్.ఎం. ఉన్న ఫోన్లలో చాలావాటికి ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్, అది తగిలించండి. టైమూ, నంబరూ రాసుకుని ఊరి పేరు చెప్పేదాకా ఓపిక పట్టండి.

ఫోన్లో నొక్కితే ఏ దేశం స్టేషనైనా వస్తుంది కదా అంటారా? వస్తుంది, పిలిచాం కాబట్టి. ఇది పిలవకుండా వచ్చే చుట్టం. అక్కడి అనౌన్సరు తన ఊళ్లోవాళ్లను పలకరిస్తుంటే, ఆ మాట మన వరండాలో వినపడుతుంది. నా బెంగల్లా ఒకటే. చుట్టం వచ్చిన రాత్రి ఇంట్లో ఒక్క రేడియో అయినా మోగుతూ ఉండాలి కదా! అటక మీది సెట్టు కిందికి దించండి మరి. ఏ ఊరు పలికిందో నాకు తప్పకుండా రాయండి.