రంగా గారు ఆ టెంటు కింద ఎందుకు కూర్చున్నారు?

డిసెంబర్ 26 వస్తే మన తండాల కుర్రాళ్లు కొందరు కూడా బైకులకు జెండాలు కట్టుకుని బయల్దేరతారు. జగ్గయ్యపేట నుంచి, నందిగామ నుంచి, కీసర టోల్‌గేటు దాటి బెజవాడ దాకా. ఎవరి ఫోటోనో చొక్కా మీద, ఎవరి పేరో గొంతులో. తమ్ముడూ, వెళ్లొద్దని చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. వెళ్లే ముందు ఒక్కటి చెప్పు. ఆ రోజు తెల్లవారుజామున వంగవీటి మోహన రంగా రోడ్డు పక్క టెంటులో ఎందుకున్నాడో నీకెవరైనా చెప్పారా?

పట్టాల కోసం. పేదల ఇళ్ల పట్టాల కోసం నిరాహార దీక్షలో ఉన్నాడు. 1988 డిసెంబర్ 26న అయ్యప్ప భక్తుల్లా నల్లబట్టలేసుకుని వచ్చి, బాంబులేసి, నరికి చంపారు. అప్పటికాయన వయసు 41. విజయవాడ తూర్పు ఎమ్మెల్యే. నడిబజార్లో, అందరికీ తెలిసిన శిబిరంలో, ఒక ఎమ్మెల్యే ప్రాణానికే దిక్కు లేకపోయింది.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. ఉయ్యూరు దగ్గర కాటూరులో 1947లో పుట్టాడు. అన్న రాధాకృష్ణ బెజవాడలో కార్మికుల మధ్య బలం పెంచుకున్న మనిషి. 1972లో కమ్యూనిస్టు నాయకుడు చలసాని వెంకటరత్నం హత్య జరిగింది, 1974లో రాధా హత్య. అన్న చోట్లోకి తమ్ముడొచ్చాడు. ఆ తర్వాత దేవినేని కుటుంబంతో వైరం. 1979లో గాంధీని చంపారు, 1988 మార్చిలో మురళిని చంపారు, అదే ఏడాది డిసెంబర్లో రంగాని. పేరున్న వాళ్లు కాబట్టి వీళ్ల లెక్క మనకి తెలుసు. వీళ్ల వెనక తిరిగిన రిక్షావాళ్లు, ముఠా కూలీలు, కాలేజీ కుర్రాళ్లు ఎంతమంది పోయారో, ఎంతమంది జైళ్లలో మగ్గారో ఏ విగ్రహం కిందా రాసి ఉండదు.

హత్య తర్వాత కోస్తా అంతా తగలబడింది. ఒక కులం దుకాణాలు వెతికి మరీ కాల్చారు. కర్ఫ్యూ పెట్టారు. 40 మందికి పైగా చచ్చిపోయారు. పట్టాల టెంటు సంగతి ఆ పొగలో ఎవడికీ గుర్తు లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఒక మనిషి పేదల ఇంటి జాగా కోసం పస్తు కూర్చుని చస్తే, మూడో రోజుకల్లా అది రెండు పెద్ద కులాల కొట్లాట అయిపోయింది. ఈరోజుకీ అదే.

కేసు ఏమైందంటావా? 2002లో కోర్టు నిందితులందర్నీ వదిలేసింది. సాక్ష్యాల్లేవు. అంటే చట్టం లెక్కలో రంగాని ఎవరూ చంపలేదు. ఆ మాట మీద ర్యాలీ తీసిన పార్టీ ఏది? రెండేళ్లు తిరిగేసరికి, 2004 ఎన్నికల్లో, రంగా కొడుకు విజయవాడ తూర్పు నుంచి, దేవినేని నెహ్రూ కంకిపాడు నుంచి ఒకే కాంగ్రెస్ టికెట్ మీద గెలిచి ఒకే అసెంబ్లీలో కూర్చున్నారు. తప్పని నేననను. వైరం ఆగితే మంచిదే. కానీ నాయకుల మధ్య ఆగిన వైరాన్ని నువ్వెందుకు బైకు మీద మోస్తున్నావు? కొడుకు ఆ తర్వాత ప్రజారాజ్యం, వైసీపీ, తెలుగుదేశం అన్నీ చూశాడు. ఆయన ఎటెళ్తే రంగా ఫోటో అటెళ్లింది.

2022లో జిల్లాలు విడగొట్టేటప్పుడు రంగా పేరు పెట్టాలని కొందరు దీక్షలు చేశారు. మన జగ్గయ్యపేట, నందిగామ ఉన్న జిల్లాకి ఎన్టీఆర్ పేరొచ్చింది. హత్య జరిగిన రోజు ముఖ్యమంత్రి ఆయనే. పేర్ల మీద అంత రచ్చ జరిగింది కదా, ఆ జిల్లాలో యానాది, ఎరుకల, లంబాడీ ఇళ్లెన్ని ఉన్నాయి, ఎన్నింటికి కాగితం ఉంది అని ఒక్కడు మాట్లాడాడా?

మన మెట్ట సంగతి వేరు, గుర్తుపెట్టుకో. మన్యంలో 1/70 ఉంది, గిరిజనేతరుడు భూమి కొనకూడదు. ఇక్కడ షెడ్యూల్డ్ ఏరియా లేదు. ఎస్టీ సీటు లేదు. మన కింద సున్నపురాయి ఉంది, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, పక్కనే హైవే, రియల్ ఎస్టేటు. మనకీ రోడ్డుకీ మధ్య అడ్డం ఉండేది ఒక్క పట్టా కాగితమే. అడవి భూమి అయితే 2006 చట్టం ఉంది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి హక్కు ఉంటుంది. అది మన్యానికే కాదు, మనకీ వర్తిస్తుంది. మన ఆఫీసుల్లో ఈ మాట చెప్తే కొత్తగా చూస్తారు.

ఇంకోటి. నువ్వు ర్యాలీకి పోయే దారిలోనే కంచికచర్ల వస్తుంది. 1968లో అక్కడ కోటేశు అనే దళిత కుర్రాణ్ణి దొంగతనం అంటగట్టి, కట్టేసి, సజీవంగా తగలబెట్టారు. ఆ ఊళ్లో ఒక్క నిమిషం బండి ఆపు. హారన్ వద్దు. ఆయన కోసం కోస్తా తగలబడలేదు. కర్ఫ్యూ పెట్టలేదు.

చెల్లీ, నీకూ చెప్తున్నా. ఇంట్లో కాగితాల పెట్టె నీ చేతిలోనే ఉంటుంది. మీ అన్న జెండా కట్టుకునే ముందు ఆ పెట్టె తియ్యి. పట్టా ఉందా, ఎవరి పేరున ఉంది, సర్వే నంబరు ఆన్‌లైన్లో కనపడుతుందా చూడు. లేకపోతే అర్జీ రాసి మీ అన్న జేబులో పెట్టు. 26న మైకు పట్టుకునే నాయకుడెవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, స్టేజీ దిగగానే చేతికిచ్చి తారీఖు వేయించుకోమను. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇంకో కాపీ ఇచ్చి రసీదు తెచ్చుకోండి.