నడుం కొలతలో గుండె కబురు

గుండెజబ్బు అనగానే మనకు మగవాళ్లే గుర్తొస్తారు. ఆయన కూరలో నూనె తగ్గిస్తాం, ఆయన బీపీ మాత్ర మరిచిపోం. మనకు నాలుగు మెట్లెక్కగానే ఆయాసమొస్తే మాత్రం ‘గ్యాసేలే’ అని ఇంత వాము నోట్లో వేసుకుంటాం.

2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ పథకాన్ని మన కరీంనగర్‌లోనే ప్రారంభించారు. మంగళవారాల్లో ఆడవాళ్లకు ప్రత్యేక క్లినిక్‌లు, ఎనిమిది రకాల సేవలు అన్నారు. క్యాన్సర్ పరీక్షలు, నెలసరి, మెనోపాజ్ సమస్యలు అన్నీ అవసరమే. ఆ ఎనిమిదింటిలో గుండె పేరు విడిగా లేదు, బరువు సంగతి ఉంది. నేను కథలు రాసుకునే గృహిణినే గాని డాక్టర్‌ని కాను. అయినా ఈ విషయం చదివిన కొద్దీ బరువు మాటలోనే గుండె మాట కూడా ఉందనిపించింది.

గుండె కండరం మీద, దాన్ని కప్పిన పల్చటి పొర కింద, అందరికీ కొంత కొవ్వు ఉంటుంది. దీన్ని ఎపికార్డియల్ కొవ్వు అంటారు. గుండెకు రక్తమిచ్చే కరొనరీ ధమనులు ఈ కొవ్వులోంచే పోతాయి. మితంగా ఉంటే అది గుండెకు రక్షణే. పెరిగితేనే చిక్కు. కొవ్వుకూ ధమనికీ మధ్య అడ్డుగోడ లేదు కాబట్టి, వాపు పుట్టించే రసాయనాలు నేరుగా ధమనికి చేరగలవు. బైపాస్ ఆపరేషన్ రోగుల్లో కాలి చర్మం కింది కొవ్వులో కన్నా గుండె మీది కొవ్వులో ఈ రసాయనాలు ఎక్కువున్నాయని 2003లో తేలింది. అలాగని దోషమంతా కొవ్వుదే కాదు. బీపీ, షుగరు, పొగాకు, కొలెస్ట్రాల్ కూడా తోడవుతాయి.

ఇక మన దగ్గరి సంగతి చూడండి. ఆదిలాబాద్ అడవుల్లో తునికాకు తెంపే ఆడవాళ్లు ఎండలో నడిచి నడిచి అలసిపోతారు. ఆ ఆకుతో నిర్మల్, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లల్లో బీడీలు చుట్టేవాళ్లు పొద్దంతా చాట ముందు నుంచి లేవరు. వేళ్లకు క్షణం తీరదు, కాళ్లకు పనుండదు. “పొద్దుగాల్నుంచి పని చేస్తనే ఉన్న, ఇంక నడుసుడేంది?” అంటే ఆ మాటలో అబద్ధం లేదు. మగడు దుబాయిలో ఉంటాడు, దవాఖానకు పోతే ఆ రోజు బీడీల లెక్క తగ్గుతుంది. దీన్ని బద్ధకమంటే పాపం.

కాబట్టి పరీక్షే గడప దాకా రావాలి. ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటినవాళ్ల కోసం నింపే ఫారంలో నడుం కొలతకు గడి ఉంది. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే దాదాపు 31.5 అంగుళాలు, దాటితే జాగ్రత్త పడాలి. కంటి అంచనాతో రాయకుండా టేపుతో కొలవమని మనమే అడుగుదాం. ఇంట్లోనైతే చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, పొట్ట బిగబట్టకుండా కొలుచుకోవాలి. గుండె మీది కొవ్వు ఎకో, సీటీ స్కాన్‌ల వంటి పరీక్షల్లోనే కనిపిస్తుంది. అందరికీ అవి అక్కర్లేదు. పొట్ట పెరుగుతుంటే లోపలి కొవ్వూ పెరుగుతోందని అనుమానించి బీపీ, షుగరు చూపించుకుంటే చాలు. ఊరటేమిటంటే, రోజూ నడిచి బరువు తగ్గితే ఈ కొవ్వూ తగ్గుతుంది.

ఛాతీలో బరువు, దవడ, వీపు లేదా చెయ్యి నొప్పి, చల్లటి చెమట, కారణం లేని ఆయాసం ఉన్నట్టుండి వస్తే మాత్రం ‘వంటయ్యాక చూద్దాం’ అనకండి. పొయ్యి ఆపి 108కి ఫోన్ చేయండి.