ఉపగ్రహం చూసే పచ్చదనం – రైతు చూసే పంట

భూగోళం పచ్చబడుతున్నదన్నది నేడు కొలతలతో నిరూపితమైన విషయం. నాసాకు చెందిన టెర్రా, ఆక్వా ఉపగ్రహాలలోని మోడిస్ పరికరం సేకరించిన సమాచారాన్ని విశ్లేషించి 2019లో ‘నేచర్ సస్టైనబిలిటీ’ పత్రికలో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2000 నుండి 2017 వరకు ప్రపంచంలోని పత్ర వైశాల్యం సుమారు 5 శాతం పెరిగింది. ఈ పెరుగుదలలో దాదాపు మూడవ వంతు చైనా, భారతదేశాలదే. చైనాలో అడవుల పెంపకానికి ప్రధాన పాత్ర ఉండగా, మన దేశంలో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంట భూములదని ఆ అధ్యయనం తేల్చింది. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రంగా మైనేని, నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రానికి చెందిన రామకృష్ణ నేమాని ఈ పరిశోధనలో భాగస్వాములు.

ఈ ఫలితాన్ని శంకించవలసిన పని లేదు. అయితే దానిని మనం చదువుతున్న తీరును గురించి మాత్రం ఆలోచించవలసి ఉన్నది. పచ్చదనం పెరిగింది కనుక వ్యవసాయం బాగుపడిందనీ, వాతావరణ మార్పు వల్ల మొక్కలకు మేలే జరుగుతున్నదనీ కొందరు తీర్మానిస్తున్నారు. ప్రపంచ పటంలో నిజమైన అంకె ఒక మండలం దాకా దిగివచ్చేసరికి ఎన్ని అర్థాలుగా విడిపోతుందో తెలుసుకోవాలంటే నెల్లూరు జిల్లా పడమటి మెట్టను, ప్రత్యేకించి కలువాయి ప్రాంతాన్ని పరిశీలిస్తే చాలు.

ముందుగా ఉపగ్రహం ఏమి చూస్తున్నదో గుర్తుచేసుకుందాం. ఆకులోని పత్రహరితం ఎర్రని కాంతిని గ్రహిస్తుంది. ఆకు అంతర్నిర్మాణం సమీప పరారుణ కాంతిని వెనుకకు పంపుతుంది. ఈ రెండింటి వ్యత్యాసాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డివిఐ అనే వృక్ష సూచిక. అది చెప్పేది నేలపై ఆకు ఎంత ఉన్నదనే. ఆ ఆకు ఏ మొక్కదో, దానికి నీరు ఎక్కడి నుండి వచ్చిందో, చివరకు గింజగా గానీ కాయగా గానీ మారిందో లేదో చెప్పే శక్తి ఆ సూచికకు లేదు.

కలువాయి పరిసరాలలో ఇటువంటి పచ్చదనాలు కనీసం నాలుగు ఉన్నాయి. సోమశిల నుండి కండలేరుకు నీటిని చేరవేసే వరద కాలువ ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది. కాలువల కింద, చెరువుల కింద సాగయ్యే వరి మొదటిది. బోరుబావులపై ఆధారపడిన నిమ్మ, బత్తాయి తోటలు రెండవది. వర్షాధార పంటలు గిట్టక, కూలీలు దొరకక రైతులు వేసుకున్న జామాయిల్, సుబాబుల్ తోటలు మూడవది. ఎవరూ వేయకుండానే బీళ్లను, చెరువు గర్భాలను, వాగు గట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మ నాలుగవది. ఇటు ఆత్మకూరు వైపు, అటు ఉదయగిరి వైపు వెళ్లినా వీటి పాళ్లు మారుతాయి గాని పచ్చదనాలు ఇవే.

ఉపగ్రహ సూచిక దృష్టిలో ఈ నాలుగూ పచ్చనివే. రైతుకు అవి ఒకదానికొకటి పోలికే లేనివి. వరి పచ్చదనం సోమశిల నీటిమట్టాన్ని చెబుతుంది. నిమ్మతోట పచ్చదనం భూగర్భజలం ఇంకా అందుతున్నదని చెబుతుంది. ఆ నీరు ఎంత లోతుకు దిగిపోయిందో మాత్రం చెప్పదు. దేశంలో సాగు పచ్చదనం చాలావరకు భూగర్భజలం మీద నిలిచి ఉన్నదనీ, అది తరిగిపోతే ఈ ధోరణి మారవచ్చనీ ఆ పరిశోధకులే హెచ్చరించారు. ఇక సర్కారు తుమ్మ పచ్చదనం చాలా చోట్ల ఒకప్పటి జొన్న, సజ్జ చేను బీడుపడిందనడానికి గుర్తు. ఆ పొలాన్ని విడిచి రైతు వలస వెళ్లిన ఏడాది కూడా ఉపగ్రహ పటంలో దాని రంగు మరింత చిక్కబడుతూనే ఉండవచ్చు.

నిమ్మ విషయంలో మరొక చిక్కు ఉన్నది. నిమ్మ సతత హరితం. బెట్ట తగిలితే పూత, పిందె రాలిపోయి రైతు ఆదాయం కోల్పోయినా ఆకు చాలాకాలం నిలుస్తుంది. పైగా చెట్ల మధ్య ఎడం ఎక్కువ కనుక, ఒక్క వాన పడితే సాళ్ల మధ్య మొలిచిన కలుపు సూచికను పైకి తీసుకుపోతుంది. వాన లేనప్పుడు ఎర్రనేల పరావర్తనం దానిని తారుమారు చేస్తుంది. దీనికి తోడు మోడిస్ చూసే అత్యంత సూక్ష్మమైన చదరం 250 మీటర్లది. అంటే సుమారు 15 ఎకరాలు. రెండు మూడెకరాల కమతాలున్న మన మెట్టలో ఆ ఒక్క చదరంలోనే తోట, బీడు, తుమ్మ, చేను కలిసిపోతాయి.

కాలాన్ని కూడా విస్మరించరాదు. నెల్లూరు జిల్లాకు ఏటి వర్షంలో సగానికి పైగా ఈశాన్య ఋతుపవనాలతోనే, అంటే అక్టోబరు నుండి డిసెంబరు వరకు వస్తుంది. మన పంటల తలరాత తేలే ఆ మూడు నెలలలోనే ఆకాశం మేఘావృతమై ఉంటుంది. కంటికి కనిపించే కాంతి మీద, పరారుణ కాంతి మీద ఆధారపడిన ఉపగ్రహాలు మేఘాన్ని దాటి చూడలేవు. 2021 నవంబరులో పెన్నకు వరదలు వచ్చినప్పటి వంటి సందర్భాలలో అవి దాదాపు నిరుపయోగమే. రాడార్ తరంగాలకు మేఘం అడ్డురాదు. నీరు నిలిచిన మడి, దుబ్బు కట్టిన వరి, కోసిన పొలం రాడార్‌కు వేర్వేరుగా కనిపిస్తాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ప్రయోగించిన నైసార్ ఉపగ్రహం ప్రతి 12 రోజులకు ఒకసారి ఒకే ప్రదేశాన్ని రాడార్‌తో తిరిగి చూడగలదు. తీరం నుండి ఎగిరిన ఆ కన్ను పడమటి మెట్టకు ఉపయోగపడేలా చేయవలసిన బాధ్యత వ్యవసాయ శాస్త్రజ్ఞులది.

వాతావరణ మార్పు మొక్కలకు మేలు చేస్తున్నదన్న వాదాన్నీ ఇక్కడే పరిశీలించాలి. 1982–2009 మధ్య ప్రపంచ పచ్చదనంలో వచ్చిన పెరుగుదలకు సుమారు 70 శాతం కారణం గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడమేనని 2016లో వెలువడిన మరొక అధ్యయనం అంచనా వేసింది. వరి, నిమ్మ వంటి సి3 మొక్కలకు ఈ వాయువు కొంత ఊతమిస్తుంది. సర్కారు తుమ్మ కూడా సి3 మొక్కేనని మరువరాదు. జొన్న, సజ్జ, మొక్కజొన్న వంటి సి4 పంటలకు ఆ లాభం స్వల్పం. అదే వాయువు వేడిని కూడా పెంచుతున్నది. పూత దశలో ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే వరిలో తాలు పెరుగుతుంది. ఆకు పచ్చగానే ఉంటుంది, వెన్ను మాత్రం తేలిపోతుంది.

ఇది కేవలం పరిశోధకుల మధ్య చర్చగా మిగిలే విషయం కాదు. కేంద్ర ప్రభుత్వ 2016 కరవు నిర్వహణ నియమావళిలో వృక్ష స్థితి సూచిక ఒక ప్రమాణం. ఆ సూచిక ఈ ఏటి పచ్చదనాన్ని గడచిన సంవత్సరాలలో అదే కాలానికి నమోదైన కనిష్ఠ, గరిష్ఠ విలువలతో పోల్చి చూస్తుంది. ఒకప్పుడు జొన్న చేలున్న చోట నేడు జామాయిల్ ఉంటే, ఆ పోలిక రెండు వేర్వేరు వృక్షజాతుల మధ్య పోలికగా మారుతుంది. పంట భూముల పటం పాతదైతే తుమ్మ పచ్చదనం పంట ఖాతాలో చేరి, ఎండిన చేను కనిపించకుండా పోయే ప్రమాదం ఉన్నది. ప్రధానమంత్రి ఫసల్ బీమాలోనూ వరి, గోధుమ దిగుబడుల అంచనాకు 2023 నుండి ఉపగ్రహ ఆధారిత పద్ధతికి కనీసం 30 శాతం ప్రాధాన్యం ఇస్తున్నారు. రైతుకు అందవలసిన పరిహారం ఇక మీదట కొంతమేరకు ఈ చదరాల మీద ఆధారపడుతుంది.

క్షేత్ర సర్వేలు, పంటకోత ప్రయోగాలు ఆలస్యమవుతాయనీ, వాటిలో మనుషుల ఇష్టాయిష్టాలు చొరబడతాయనీ, ఉపగ్రహానికి పక్షపాతం లేదనీ కొందరు వాదిస్తారు. ఆ వాదంలో సత్యం ఉన్నది. అందుకే దూరసంవేదనను వద్దనడం నా అభిమతం కాదు. పక్షపాతం లేని కొలమానాన్ని కూడా ముందు సరిచూసుకున్న తరువాతనే వాడాలి. ఆ సరిచూడడం నేల మీదనే జరగాలి.

ఇందుకు నా సూచనలు ఇవి. పొదలకూరు వ్యవసాయ పరిశోధన స్థానం, పేట్లూరు నిమ్మ పరిశోధన స్థానం వంటి సంస్థల ఆధ్వర్యంలో మెట్ట మండలాలలో శాశ్వత పరిశీలన క్షేత్రాలను ఎంపిక చేసి, పత్ర వైశాల్యం, నేల తేమ, దిగుబడులను ఏటా నమోదు చేయాలి. ఈ-క్రాప్‌లో సర్వే నంబరు వారీగా ఉన్న పంట వివరాలతో పంట భూముల పటాన్ని ప్రతి సీజనులో సవరించి, తుమ్మ బీళ్లను, కలప తోటలను విడదీయాలి. నెల్లూరు మెట్టకు సూచికల గణన ఈశాన్య ఋతుపవనాల పంటకాలానికి అనుగుణంగా జరగాలి. మేఘాలు కమ్మే నెలలలో రాడార్ సమాచారానికే ప్రథమ స్థానం ఇవ్వాలి. తోటల పచ్చదనాన్ని చూపే ప్రతి పటం పక్కన ఆ మండలపు భూగర్భజల మట్టాన్ని కూడా చూపాలి. సస్యశాస్త్ర స్నాతకోత్తర విద్యార్థి ఉపగ్రహ చిత్రాన్ని విశ్లేషించడంతో ఆగక, ఆ చదరంలోని పొలానికి వెళ్లి రైతుతో మాట్లాడి రావడం పరిశోధనలో తప్పనిసరి భాగం కావాలి.

ప్రపంచం పచ్చబడుతున్నదని చెప్పగల విజ్ఞానం మనకున్నది. కలువాయిలో ఈ ఏడు ఏది పచ్చగా ఉన్నదో, అది ఎవరి నీటితో, ఎవరి ఫలితం కోసం పచ్చగా ఉన్నదో చెప్పగల స్థాయికి దానిని తీసుకురావడమే మన తరం సస్యశాస్త్రజ్ఞుల ముందున్న కర్తవ్యం.